ములుగు భూకంపం రోజున హనుమకొండలో మేము చవిచూసినది: కొన్ని సందేహాలు

హనుమకొండ వాసి, 8 డిసెంబరు 2024

పెద్దలకు నమస్కారం. ఈ నెల 4వ తేదీ బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో పుట్టిన భూకంపాన్ని మీలో చాలామంది చవిచూసే ఉంటారు. మేము హనుమకొండలో అయిదంతస్తుల అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాము. ఆ సమయానికి నేను హాల్లో పేపరు చదువుతున్నాను, నా భార్య వంటింట్లో పిల్లల టిఫిను డబ్బాలు సర్దుతోంది. ముందుగా, కింద రోడ్డు మీద బరువు లారీ ఏదో ఆగకుండా పోతున్నట్టు సన్నని గుర్రుమనే చప్పుడు వినిపించింది కానీ దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు. పది సెకన్లు గడిచాయో లేదో కుర్చీ పక్కకు జరిగినట్టయింది, స్టాండులోని గిన్నెలు గలగలలాడాయి, స్విచ్చి కట్టేసి ఉన్న ఫ్యాను ఊయలలా ఊగసాగింది. కళ్ళు తిరుగుతున్నాయని, బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయి ఉంటానని అనుకున్నాను. ఇది భూకంపమని నాకు తట్టే లోపే అది ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. అందరమూ ఒక్కసారిగా మెట్ల మీద పడ్డాము, ఇద్దరు ముగ్గురు లిఫ్టు ఎక్కారు, ఒకాయన చెప్పులు లేకుండా దిగివచ్చి తన కొడుకు పైనే ఉండిపోయాడని మళ్ళీ పరుగెత్తాడు. కింద ఎక్కడ నిలబడ్డామంటే సరిగ్గా భవనం గోడ పక్కనే. డెబ్బయ్ ఎనిమిదేళ్ళ మా అమ్మ మాత్రం మంచం దిగకుండానే, "ఆదిశేషుడు తల మార్చుకున్నాడు, అంతే" అని ఊరుకుంది.

నా సందేహాలు ఇవి. దక్కను పీఠభూమి అతి పురాతనమైన గట్టి నేల అనీ, ఇక్కడ భూకంపాలు రావనీ మేము బడిలో చదువుకున్నాము. మరి ఇదెలా వచ్చింది? మొన్న ఆగస్టు చివరన మేడారం, తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు ఒక్కసారిగా నేలకూలాయి, ఇప్పుడు భూకంపం కూడా అక్కడే వచ్చింది కాబట్టి రెండింటికీ సంబంధం ఉందని వాట్సాప్‌లో పదిమంది పంపారు. నిన్న మహబూబ్‌నగర్ జిల్లాలో మరొక చిన్న ప్రకంపన వచ్చిందన్న వార్త చూశాక, ఇవన్నీ ఏదో పెద్దదానికి సూచనలేమోనన్న భయం మా ఇంట్లో పట్టుకుంది. పైగా మా పడకగదిలో గోడకూ స్తంభానికీ మధ్య సన్నని నిలువు పగులు ఒకటి కనిపించింది. అది ముందునుంచీ ఉందో, ఆ రోజు వచ్చిందో చెప్పలేకపోతున్నాము. తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

విశ్రాంత భూగర్భవేత్త, కొత్తగూడెం, 9 డిసెంబరు

మీరు లారీ అనుకున్న ఆ చప్పుడుతోనే మొదలుపెడతాను. భూకంపం పుట్టిన చోటునుంచి రెండు రకాల తరంగాలు రాతి లోపలి గుండా బయలుదేరుతాయి. రాతిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ సాగే ప్రాథమిక తరంగాలు గట్టి రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో పోతాయి, రాతిని అటూ ఇటూ ఊపే ద్వితీయ తరంగాల వేగం సుమారు మూడున్నర కిలోమీటర్లే. ఈ భూకంపం తీవ్రత 5.3 అనీ, లోతు 40 కిలోమీటర్లనీ జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ప్రకటించింది. అధికేంద్రం, అంటే భూకంపం పుట్టిన చోటికి సరిగ్గా పైనున్న నేల, మేడారం వైపు అడవుల్లో ఉంది కాబట్టి మీ ఇంటికి నేల మీద 90 కిలోమీటర్ల లోపే అనుకోవచ్చు. లోతును కూడా కలుపుకుని లెక్క వేస్తే మొదటి తరంగం మీకు చేరడానికి పదహారు సెకన్లు, రెండోది చేరడానికి ఇరవై ఏడు సెకన్లు పట్టి ఉంటుంది. చప్పుడుకూ ఊపుకూ మధ్య మీరు గమనించిన పది సెకన్లు ఆ తేడాయే. హైదరాబాదులో ఉన్నవారికి ఇదే ఎడం అర నిమిషానికి దగ్గరగా ఉంటుంది. కుక్కలు ముందే మొరిగాయని, పశువులు తాళ్ళు తెంపుకున్నాయని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు, కానీ అవి జోస్యం చెప్పాయనుకోవడం పొరపాటు. మనం లారీ అని తోసిపారేసిన మొదటి తరంగాన్ని అవి లెక్కలోకి తీసుకున్నాయి.

ఇక దక్కను గట్టి నేల అన్న పాఠం తప్పు కాదు, సగమే చెప్పిన పాఠం. భారత భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ రాపిడి ప్రధానంగా హిమాలయాల్లో తీరుతున్నా, నెట్టేవాడి భుజం మీద కూడా బరువు ఉన్నట్టే ఫలకం మధ్యభాగం కూడా ఆ ఒత్తిడిని నిరంతరం మోస్తూనే ఉంటుంది. రాయి అంతటా ఒకే గట్టితనంతో ఉంటే ఏమీ జరగదు. కానీ మన నేలలో పాత గాయాలున్నాయి, వాటిలో పెద్దది గోదావరి లోయ. సుమారు 30 కోట్ల ఏళ్ళ నాడు నేల సాగి, రెండు అంచుల మధ్య భాగం కుంగి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవాటి పల్లం ఏర్పడింది. ఆ పల్లంలో పూడిపోయిన అడవులే బెల్లంపల్లి, రామగుండం, భూపాలపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనుల్లో మనం తవ్వుకుంటున్న బొగ్గు. నా ఉద్యోగ జీవితమంతా ఆ పల్లపు అంచుల్లోని భ్రంశాలను మ్యాపు మీద గీయడంతోనే గడిచింది. బొగ్గు పొర ఒక చోట నడుస్తూ నడుస్తూ తెగిపోయి, పదుల మీటర్ల కింద మళ్ళీ దొరికేది. ఆ తెగిన చోటునే మేము భ్రంశమంటాము. అటువంటి చీలికల్లో ఒకటి, చాలా లోతున, కొద్దిగా జారితే మొన్నటి అనుభవం కలుగుతుంది.

గనుల పేలుళ్ళ వల్లనే ఇది వచ్చిందని మా ప్రాంతంలో కొందరు అంటున్నారు. ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో తలుపులు అదరడం నిజమే కాబట్టి ఆ అనుమానం సహజం. అయితే మన గనుల లోతు వందల మీటర్లలో ఉంటుంది, ఈ భూకంపం పుట్టింది 40 కిలోమీటర్ల లోతున. చెట్ల సంగతి కూడా అంతే. ఆగస్టు 31న వాటిని కూల్చింది గాలి. గాలికి కూలిన చెట్టుకూ, అన్ని కిలోమీటర్ల అడుగున జారిన రాతికీ ముడిపెట్టడానికి ఆ అడవి పేరొక్కటే ఆధారం. మేడారంలో గద్దెలు కదులుతున్న సీసీ కెమెరా దృశ్యం అందరి ఫోన్లలోనూ తిరిగింది కాబట్టి ఆ పేరు మనసులో బాగా నాటుకుపోయింది.

నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మా ఊరు గోదావరి ఒడ్డునే. వేసవి కావడంతో భోజనాలు ముగించి వాకిట్లో నులకమంచాలు వేసుకున్నాము. మంచం కోళ్ళు నేల మీద టకటకలాడాయి, ఇంటి మీది పెంకులు కొన్ని జారి పడ్డాయి, దొడ్లో గేదె ఒక వింత అరుపు అరిచింది. పెద్దవాళ్ళు ఎవరూ ఆ రాత్రి ఇంట్లోకి పోలేదు. తీవ్రతలో 0.4 తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, విడుదలైన శక్తి లెక్కలో 1969 నాటిది మొన్నటిదానికి నాలుగు రెట్లు. స్కేలు మీద ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. మన ప్రాంతంలో ఆ స్థాయికి దగ్గరగా వచ్చిన భూకంపం మళ్ళీ మొన్నటిదే, అంటే యాభై అయిదేళ్ళకు. ఇంత ఎడం వస్తే ఒక తరం మొత్తం భూకంపమంటే ఏమిటో తెలియకుండానే ముసలిదవుతుంది. మీ అపార్టుమెంటు మెట్ల మీద జరిగిన దానికి సిగ్గుపడవలసిన పని లేదు, మీకు చెప్పేవారు లేకపోయారు, అంతే.

5.3 తీవ్రత అంత దూరం, విజయవాడకూ నాగపూరుకూ హైదరాబాదుకూ ఎలా తెలిసిందని కూడా అడుగుతున్నారు. కంచు పళ్ళేన్ని ఒక అంచున కొడితే రెండో అంచు కూడా మోగుతుంది, పచ్చి మట్టిముద్దను కొడితే చేతి కిందే చస్తుంది. మన నేల చల్లబడిన పాత రాయి కావడం వల్ల కంపాన్ని తక్కువ పోగొట్టుకుని ఎక్కువ దూరం మోస్తుంది. భూకంపాలు తరచుగా వచ్చే చోట్ల నేల ముక్కముక్కలుగా పగిలి ఉండటం వల్ల అదే తీవ్రత అంత దూరం వినిపించదు.

ముందు ముందు పెద్దది వస్తుందా అన్న ప్రశ్నకు తేదీతో జవాబు చెప్పగలవాడు ప్రపంచంలో ఎవడూ లేడు, చెప్పాడంటే వాడిని నమ్మకండి. భుజ్ భూకంపం 2001 జనవరి 26న, సుమత్రా సునామీ 2004 డిసెంబరు 26న, పులిచింతల ప్రకంపన 2020 జనవరి 26న వచ్చాయి కాబట్టి 26వ తేదీ మంచిది కాదని మా వీధిలో ఒక పెద్దమనిషి లెక్క తీశాడు. మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం సెప్టెంబరు 30న, కోయినా భూకంపం డిసెంబరు 11న, మొన్నటిది 4న ఎందుకొచ్చాయో ఆయన లెక్కలో లేదు. మహబూబ్‌నగర్ ప్రకంపన సుమారు 3 తీవ్రత గలది, పుట్టిన చోటు కూడా వేరు. ప్రపంచం మొత్తం మీద 3 నుంచి 4 లోపు తీవ్రత గలవి ఏటా లక్షకు పైగా వస్తాయి, మొన్న మనకు వచ్చిన స్థాయివి కూడా వెయ్యికి పైగా వస్తాయి. మన చెవి ఇప్పుడు అటే ఉంది కాబట్టి ప్రతిదీ వార్త అవుతోంది.

నిర్మాణ ఇంజనీరు, విజయవాడ, 9 డిసెంబరు

పై పెద్దవారు నేల సంగతి చెప్పారు, నేను ఇంటి సంగతి చెబుతాను. ముందుగా మీ పగులు. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా, వెంట్రుకలా సన్నగా ఉన్న పగులు మన అపార్టుమెంట్లలో సర్వసాధారణం. కాంక్రీటూ ఇటుకా ఎండకు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల, ఆ అతుకు దగ్గర సన్న జాలీ వేయకుండా ప్లాస్టరింగు చేయడం వల్ల అది వస్తుంది. బహుశా ముందునుంచే ఉండి, భూకంపం తర్వాత మీరు గోడలను మొదటిసారి శ్రద్ధగా చూడటం వల్ల కనిపించి ఉంటుంది. దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాసి పెట్టండి, నెల రోజుల్లో గీత దాటకపోతే పుట్టీతో సరిచేసుకోవచ్చు. భయపడవలసిన పగుళ్ళు వేరే ఉన్నాయి. స్తంభం ఒంటి మీదే ఏటవాలుగా వచ్చినవి, స్తంభమూ దూలమూ కలిసే చోట వచ్చినవి, గోడ మీద ఒకదానినొకటి గుణకారపు గుర్తులా కోసుకున్నవి, కాంక్రీటు పెచ్చు ఊడి లోపలి ఇనుము కనిపించేవి. ఇవి కనిపిస్తే అర్హత గల ఇంజనీరును పిలిపించాలి, మేస్త్రీతో పూత వేయించి దాచకూడదు.

మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను. మీ భవనం కింద స్టిల్టు పార్కింగే ఉందా? పై అంతస్తుల నిండా గోడలు, కింద మాత్రం కార్ల కోసం ఒట్టి స్తంభాలు ఉన్న భవనం అడ్డంగా ఊగినప్పుడు ఆ ఊపంతా కింది స్తంభాల మీదే పడుతుంది. 2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు అధికేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో డజన్ల కొద్దీ బహుళ అంతస్తుల భవనాలు కూలాయి, వాటిలో ఇటువంటివి ఎన్నో ఉన్నాయి. అది 7.7 తీవ్రత గలది, మనకు వచ్చినదానితో పోల్చదగినది కాదు, కానీ దూరంగా ఉన్నాము కదా అన్న ధైర్యం ఎంతవరకు చెల్లుతుందో ఆ ఊరు చూపించింది.

స్తంభాన్ని కాపాడేది నిలువు ఇనుము ఒక్కటే కాదు, దాన్ని చుట్టి కట్టే రింగులు. స్తంభం పైకొసనా కింది కొసనా ఆ రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి, రింగు కొసలను 135 డిగ్రీలు వంచి కాంక్రీటు గర్భంలోకి దూర్చాలి. భూకంపాలను తట్టుకునేలా కాంక్రీటు కట్టడాలు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ 13920 అనే భారతీయ ప్రమాణం మూడో భూకంప జోన్ నుంచి (జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ) దీన్ని తప్పనిసరి చేసింది. 2002 నాటి భూకంప మ్యాపులో భద్రాచలం, విజయవాడ, ఒంగోలు మూడో జోన్‌లో ఉన్నాయి, హైదరాబాదు, విశాఖపట్నం రెండో జోన్‌లో ఉన్నాయి. నేను సైట్ల మీద చూసేదేమిటంటే డ్రాయింగులో 135 డిగ్రీలే ఉంటుంది, రాడ్ బెండింగు చేసేవారు మాత్రం పని త్వరగా తెమలాలని 90 డిగ్రీల దగ్గర ఆపేస్తారు, స్లాబు పోశాక అది ఇక ఎవరికీ కనిపించదు. ఊపు గట్టిగా వచ్చినప్పుడు ఆ కొసలు విచ్చుకుని రింగు తెరుచుకుంటుంది, లోపలి నిలువు ఊచలు బయటికి వంగిపోతాయి. ఇల్లు కట్టుకుంటున్నవారెవరైనా ఇది చదువుతుంటే, టైల్సు ఎంపికకు వెచ్చించే సమయంలో పదో వంతు స్తంభాల రింగులు కట్టే రోజున సైటు మీద గడపండి.

కిల్లారి పేరు పైన వచ్చింది కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపం విడుదల చేసిన శక్తి మొన్నటిదానికి ఇరవై రెట్లకు పైగానే. కానీ సుమారు పదివేల మంది చనిపోవడానికి అది ఒక్కటే కారణం కాదు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద అడుగుల మందాన మట్టి మిద్దెలు, అందరూ నిద్రలో ఉన్న సమయం. ఆ నేల కూడా మనదిలాగే భూకంపాలు రావని పేరుపడిన దక్కను నేలే. రాయలసీమలోనూ తెలంగాణ పల్లెల్లోనూ అటువంటి మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. వాటిలో ఉండేవారు మీకు తెలిస్తే, ఏటేటా వానలకు ముందు పైకప్పు మీద కొత్త మట్టి వేస్తూ బరువు పెంచుకుంటూ పోవద్దని చెప్పండి.

ఊగుతున్నప్పుడు ఏం చేయాలన్నది కూడా చెబుతాను. అపార్టుమెంటులో పై అంతస్తుల్లో ఉంటే ఎక్కడున్నవారు అక్కడే గట్టి బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోవాలి, బల్ల లేకపోతే అద్దాలకూ బీరువాకూ దూరంగా లోపలి గోడ పక్కన వంగి తలను చేతులతో కప్పుకోవాలి. మెట్ల మీదికీ లిఫ్టులోకీ పోకూడదు. ఊపు ఆగాక గ్యాసు కట్టేసి, మెల్లగా దిగి, భవనం ఎత్తుకు తగినంత ఎడంగా నిలబడాలి. నేల మీది చిన్న ఇంట్లో, వాకిలి రెండడుగుల్లో ఉంటే మాత్రం బయటపడటమే మేలు. ఇంట్లో ప్రమాదం చాలావరకు అటకల మీద ఉంటుంది. పెళ్ళినాటి ఇత్తడి గుండిగలూ బిందెలూ పడకకు సరిగ్గా పైనున్న అటక మీద పేర్చుకునే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ. వాటిని కింద పెట్టుకోండి, బీరువాను గోడకు బిగించుకోండి.

సికింద్రాబాద్ ఉద్యోగి, 10 డిసెంబరు

ఆ సమయానికి నేను బైకు మీద ఆఫీసుకు పోతున్నాను, నాకు ఏమీ తెలియలేదు. ఇంటికి వచ్చాక మా ఎనిమిదో అంతస్తులోని వారందరూ మంచాలు కదిలాయని చెబుతుంటే, కింది అంతస్తువారు తమకు అసలేమీ తెలియలేదంటున్నారు. ఒకే భవనంలో ఇంత తేడా ఎలా వస్తుంది? కొందరు ఊహించుకుంటున్నారని నా అనుమానం.

విశ్రాంత భూగర్భవేత్త, కొత్తగూడెం, 10 డిసెంబరు

ఊహ కాదండీ. దూరం నుంచి వచ్చే కంపంలో వేగంగా అదిరే భాగం దారిలోనే సన్నగిల్లుతుంది, మెల్లగా ఊపే భాగం మిగులుతుంది. ఆ మెల్లని ఊపుకు పొడవైన భవనం పై కొస వెదురుగడ కొసలా ఎక్కువ కదులుతుంది, కింద ఏమీ తెలియదు. నడిచేవారికీ బండి మీద ఉన్నవారికీ తెలియదు, కూర్చున్నవారికీ పడుకున్నవారికీ తెలుస్తుంది. అందుకే తీవ్రత ఒకే అంకె అయినా, చోటు చోటుకూ కలిగిన ప్రభావాన్ని కొలవడానికి మెర్కాలీ వంటి వేరే కొలమానం ఉంది. ఎవరెవరికి ఏమి తెలిసిందన్న సమాచారం కూడా శాస్త్రానికి పనికొస్తుంది. జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం వారికి మీ అనుభవాన్ని నమోదు చేయవచ్చు, ఏమీ తెలియలేదన్నది కూడా నమోదు చేయదగిన విషయమే.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి, 11 డిసెంబరు

మీ మెట్ల మీది తొక్కిసలాట చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఇదే ఏడాది ఏప్రిల్ 5న మేమూ అదే చేశాము. ఆ శుక్రవారం ఉదయం 10 గంటల 23 నిమిషాలకు మా రాష్ట్రంలోనే వైట్‌హౌస్ స్టేషన్ అనే చోట 4.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక్కడి ఇళ్ళు కొయ్య చట్రంతో కట్టినవి కాబట్టి ఇల్లంతా ఎడ్లబండిలా కిర్రుమంది. ఇంటినుంచి పనిచేస్తున్న నేను బేస్‌మెంటులో బాయిలరు పేలిందనుకుని కిందికి పరుగెత్తాను, మా ఆవిడ పైకప్పు మీద చెట్టు పడిందని బయటికి పరుగెత్తింది, ఇద్దరిలో ఎవరికీ భూకంపమన్న ఊహే రాలేదు. తెలుగు వాట్సాప్ గుంపుల్లో మాత్రం అర నిమిషంలో సందేశాలు మొదలయ్యాయి. న్యూయార్కు నగరంలో అధికారిక హెచ్చరిక సుమారు 40 నిమిషాల తర్వాత వచ్చింది, అప్పటికి మా బంధువులు గుంటూరు నుంచి ఫోన్ చేసి క్షేమం అడగడం కూడా అయిపోయింది. సాయంత్రం ఆరు గంటల వేళ ఒక అనంతర ప్రకంపన వచ్చినప్పుడు ఎవరూ కదలలేదు, ఉదయం నేర్చుకున్నాము కదా. కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్ళున్న మా బావగారైతే 4.8కే ఇంత హడావిడా అని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటాడు.

కంచు పళ్ళెం పోలిక ఇక్కడ కూడా సరిపోతుంది. అమెరికా తూర్పు తీరం కూడా పాత గట్టి నేలే. 2011 ఆగస్టు 23న వర్జీనియాలోని మినరల్ అనే చిన్న ఊరి దగ్గర 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపం సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని పగిలేలా చేసింది. మరమ్మతులు ముగిసి అది మళ్ళీ తెరుచుకునేసరికి 2014 మే నెల వచ్చింది. ఇంటి బీమా గురించి కూడా ఒక మాట. ఇక్కడి సాధారణ ఇంటి బీమాలో భూకంపం ఉండదని ఆ రోజు పాలసీ తీసి చదివాకే నాకు తెలిసింది, అదనంగా కొనుక్కోవలసిందే. మీ దగ్గర ఎలా ఉందో చూసుకోండి.

నిర్మాణ ఇంజనీరు, విజయవాడ, 11 డిసెంబరు

ఈ విషయంలో మన దేశమే నయం. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీలో భూకంప నష్టం కూడా కలిసే ఉంది. తీసుకునేవారే తక్కువ. గృహరుణం ఉన్నవారు బ్యాంకు తమచేత ఏ పాలసీ తీయించిందో, అది ఇంటికా లేక రుణగ్రహీత ప్రాణానికా అన్నది ఒకసారి చూసుకోవాలి.

ఉపాధ్యాయిని, తాళ్లూరు మండలం, ప్రకాశం జిల్లా, 24 డిసెంబరు

ఈ చర్చను నేను పది రోజుల క్రితమే చదివాను, మా వంతు వస్తుందని అప్పుడు అనుకోలేదు. 21, 22, 23 తేదీల్లో వరుసగా మూడు రోజులు మా తాళ్లూరు, పక్కనున్న ముండ్లమూరు మండలాల్లో భూమి కంపించింది. శనివారం నాడు బడి మొదలైన కాసేపటికి ముందు ఢమ్మని క్వారీలో పేలినట్టు శబ్దం వచ్చింది, వెంటనే ఒకటి రెండు సెకన్లపాటు నేల అదిరింది. పిల్లలు బెంచీల మీదినుంచి దూకి బయటికి పరుగెత్తారు, చిన్న తరగతివాళ్ళు నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నారు. తీవ్రత 3 దరిదాపుల్లోనే అని చెప్పారు. అంత చిన్నదానికి అంత శబ్దం ఎందుకు? హనుమకొండవారు చెప్పినట్టు పది సెకన్ల ఎడం మాకు అసలు లేదు, శబ్దమూ అదురూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మా అత్తగారు 1967లో ఒంగోలులో వచ్చిన భూకంపాన్ని గుర్తుచేసి, అప్పుడు ఇంతకంటే గట్టిగా ఊగిందని అంటున్నారు. ఇలా రోజూ వస్తుంటే చివరికి పెద్దది వస్తుందా?

విశ్రాంత భూగర్భవేత్త, కొత్తగూడెం, 24 డిసెంబరు

అమ్మా, మీ అత్తగారి జ్ఞాపకం సరైనదే. 1967 మార్చి 27 నాటి ఒంగోలు భూకంపం తీవ్రత 5.4. మీకు ఎడం లేకపోవడానికీ, శబ్దం అంత గట్టిగా రావడానికీ కారణం ఒకటే, అది మీ కాళ్ళ కిందే, తక్కువ లోతులో పుట్టింది. రెండు తరంగాలూ విడిపోవడానికి తగినంత దూరం ప్రయాణించలేదు. దగ్గరలో పుట్టిన కంపంలో వేగంగా అదిరే భాగం నశించకుండా నేల పైకి వచ్చి, కొంత గాలిలోకి దూకి, మన చెవికి శబ్దంగా అందుతుంది. హైదరాబాదు బోరబండలో 2020 అక్టోబరులో జనం భయపడిన శబ్దాలు కూడా ఇటువంటివే.

మీ చివరి ప్రశ్నకు ఊరడింపు మాట చెప్పి తప్పించుకోను. చాలా చోట్ల ఇటువంటి చిన్న ప్రకంపనలు కొన్ని రోజులో వారాలో వచ్చి వాటంతట అవే సద్దుమణుగుతాయి. కానీ సూర్యాపేట జిల్లా చింతలపాలెం మండలంలో, పులిచింతల జలాశయం పక్కన, వారాల తరబడి చిన్నవి వస్తూ వస్తూ 2020 జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర గంటలు దాటాక 4.6 తీవ్రతతో ఒకటి వచ్చింది. అంతకు ముందటి వర్షాకాలపు వరదల్లో ఆ జలాశయం నిండింది. నీటి బరువూ, పగుళ్ళలోకి ఇంకిన నీటి ఒత్తిడీ పాత చీలికలను కదిలించి ఉండవచ్చునన్నది శాస్త్రవేత్తల ఆలోచన. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలో కోయినా జలాశయం దగ్గర వచ్చిన 6.3 తీవ్రత భూకంపం నుంచి ఈ కోణం అందరికీ పరిచయమైనదే. మీ ప్రాంతానికి అదే కారణమని నేను అనడం లేదు. ఈ కొన్ని వారాలు బీటలు వారిన గోడ కింద ఎవరినీ పడుకోనివ్వకండి. బడిలో ఏ గది పైకప్పు పెచ్చులూడుతోందో చూసి ఆ గదికి తాళం వేయించండి. పిల్లలకు బెంచీల కింద దూరడం రోజుకొకసారి ఆటలా చేయించండి. చలికాలం కాబట్టి ముసలివాళ్ళను భయంతో రాత్రంతా బయట పడుకోబెట్టడం కూడా మంచిది కాదు.

హనుమకొండ వాసి, 29 డిసెంబరు

అందరికీ కృతజ్ఞతలు. పగులు కొసల దగ్గర పెన్సిలు గీతలు గీసి ఇరవై రోజులైంది, కొసలు దాటలేదు. మా అమ్మ మంచం పైన అటక మీదున్న రెండు గుండిగలనూ కిందికి దింపాము. అవి ఖాళీవని ఇన్నేళ్ళూ అనుకున్నాము, ఒకదానిలో పాత ఇనుప తూకపు రాళ్ళున్నాయి. స్టిల్టు పార్కింగు విషయమై మొన్న ఆదివారం అపార్టుమెంటు సమావేశంలో స్తంభాల డ్రాయింగులు కావాలని అడిగితే, కట్టినాయన వాటిని ఎక్కడో పెట్టానంటున్నాడు. ఊళ్ళోని ఒక ఇంజనీరుతో రెండు స్తంభాల దగ్గర పెచ్చు తీయించి రింగులు ఎంత ఎడంగా ఉన్నాయో చూద్దామని పన్నెండు ఇళ్ళవారిలో తొమ్మిది మంది ఒప్పుకున్నారు. మిగిలిన ముగ్గురు, ఇళ్ళ ధర పడిపోతుందని ఒప్పుకోలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పని పెట్టుకున్నాము. ఫలితం ఇక్కడే రాస్తాను.